మోస్తార్ వంతెన కూల్చివేత యుద్ధ నేరం కాదా?

రాతిపని:
1566లో మిమార్ హైరుద్దీన్ కట్టిన మోస్తార్ ఊరి పాత వంతెనని 1993 నవంబర్ 9న బోస్నియాలోని క్రొయేట్ సేన గుండ్లతో కూల్చేసింది. యుగోస్లావియా యుద్ధ నేరాల్ని విచారించిన ఐరాస ట్రైబ్యునల్ 2013లో అది నేరమంది. 2017 నవంబర్ 29న అప్పీల్లో ఆ మాట కొట్టేశారు. అదే రోజు కోర్టులో నిందితుల్లో ఒకడైన క్రొయేట్ జనరల్ ప్రల్యాక్ విషం తాగడంతో లోకమంతా ఆ వార్త వెంటే పడింది, వంతెన ఊసెత్తినవాళ్లు తక్కువ. అప్పీలు తీర్పు తప్పనే నా అభిప్రాయం.

నాలుగో అధికరణ:
నేనొప్పుకోను. క్రొయేట్ సేనతో పోరాడుతున్న బోస్నియా సైన్యం ఆ వంతెన మీదుగా సరఫరాలు నడిపిందని కింది కోర్టే చెప్పింది కదా. సైనిక లక్ష్యమే అయినప్పుడు 'సైనిక అవసరం లేకుండా ధ్వంసం చేశారు' అన్న అభియోగం ఎలా నిలుస్తుంది? యుద్ధంలో వారసత్వ కట్టడాల్ని కాపాడే 1954 హేగ్ ఒప్పందం కూడా తప్పనిసరి సైనిక అవసరానికి మినహాయింపు ఇచ్చింది.

రాతిపని:
ఆ 'తప్పనిసరి' దగ్గరే పేచీ. గుండ్ల దెబ్బ తగలకుండా జనం ఆ వంతెనకి పాత టైర్లు వేలాడదీశారు, పైన రేకులు కప్పారు. అవతలి ఒడ్డున చిక్కుకున్నవాళ్లకి తిండీ మందులూ చేరిందీ దాని మీదుగానే. పైగా 8వ తేదీ సాయంత్రానికే వంతెన పోయినట్టే లెక్క అని కింది కోర్టు తేల్చింది. మరి మర్నాడు కూడా కొట్టింది ఏ అవసరానికి?

దూలం:
మర్నాటి ప్రశ్న గట్టిదే. కానీ ఇద్దరూ కాల్చినవాళ్లనే చూస్తున్నారు. అదే ఒప్పందం వారసత్వ కట్టడాన్ని సైనిక పనులకి వాడొద్దని కూడా అంటుంది. వాడినవాళ్ల సంగతేంటి? (ఇది అడిగితే తిట్లు పడతాయని తెలుసు.) మాలి దేశంలోని తింబక్తు సమాధులు కూల్చినందుకు అల్ మహ్దీ అనే మిలిటెంట్‌కి అంతర్జాతీయ నేర న్యాయస్థానంలో 2016లో 9 ఏళ్ల జైలు పడింది. అక్కడ సైనిక లక్ష్యమన్న వాదనే లేదు, నిందితుడు నేరం ఒప్పుకున్నాడు. మోస్తార్ లాంటి చోటే చట్టానికి అసలు పరీక్ష.

నాలుగో అధికరణ:
అందుకే హేగ్ ఒప్పందానికి అనుబంధంగా 1999 రెండో ప్రోటోకాల్ వచ్చింది. వేరే మార్గం లేనప్పుడే కొట్టాలని షరతు పెట్టింది. 1993 నాటి పనిని దాంతో తూచలేం. కట్టడం అందమైనదని జాలిపడి శిక్ష వేస్తే, మామూలు కాంక్రీటు వంతెన మీద ఆధారపడ్డ జనం ప్రాణాలు చవకా?

రాతిపని:
అందం గురించి నేనెక్కడన్నాను? తిండీ మందుల గురించి కదా అన్నది! అప్పీల్లో కూడా అందరూ ఒకటి కాలేదు, న్యాయమూర్తి పోకార్ విభేదించారు. ముందు ఆ అసమ్మతి తీర్పు చదవండి, తర్వాత వాదించుకుందాం.