సెర్జియో మెండెస్: బాగా నచ్చిన పాట ఏది, అస్సలు నచ్చనిది ఏది?

వేమవరం_వాసు:
బ్రెజిల్ పియానిస్టు, బ్యాండు లీడరు సెర్జియో మెండెస్ 2024 సెప్టెంబరులో పోయారు. అప్పట్నుంచి ఆయన పాటలన్నీ మళ్లీ వింటున్నా. నాకు బాగా నచ్చింది 1966 నాటి 'మాస్ కె నాదా'. పియానో మొదలవగానే ఇద్దరు ఆడవాళ్లు ఒకే గొంతులా అందుకుంటారే, అక్కడ ఒళ్లు జలదరిస్తుంది. నచ్చనిది అదే పాటని 2006లో అమెరికా ర్యాప్ బృందం బ్లాక్ ఐడ్ పీస్‌తో చేసింది. హాయిగా సాగే పాట మధ్యలో ర్యాప్ దూర్చారు. మీవి చెప్పండి.

లలిత_హ్యూస్టన్:
'ద లుక్ ఆఫ్ లవ్'. నచ్చనివంటూ లేవు.

కీస్_శీను:
నాకు 1983 'నెవర్ గొన్నా లెట్ యూ గో'. అమెరికా చార్టులో 4వ స్థానం దాకా వెళ్లింది. దాని గొప్పతనం తెలియాలంటే వాయించి చూడాలి. శ్రుతి ఎన్నిసార్లు మారుతుందో, వినేవాడికి మాత్రం ఎక్కడా కుదుపు తగలదు. పాతికేళ్లుగా పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తున్నా, ఈ ఒక్క పాట చేతికి రావడానికి మూడు వారాలు పట్టింది. పల్లవికి తిరిగొచ్చే చోట ఎడమ చెయ్యి ఇప్పటికీ తడబడుతుంది. నచ్చనిది 'స్కార్‌బరో ఫెయిర్'. ఆ దిగులు పాటకి అంత హుషారు ఎందుకు?

నాగావళి_నాయుడు:
శీనుగారూ, ఆ పాట కట్టింది బ్యారీ మాన్, సింథియా వైల్. పాడింది జో పిజూలో, లీజా మిల్లర్. అంతకు ముందే 1982లో డియాన్ వార్విక్ పాడేసింది. ఇందులో మెండెస్‌ది ఏటండి?
నాకు నచ్చింది 1992లో వచ్చిన 'మగలేన్యా' ఒక్కటే. కార్లీన్యోస్ బ్రౌన్ తన పాట తనే గొంతెత్తి పాడాడు, డప్పులు గుండెల్లో మోగుతాయి. నచ్చనిది 'మాస్ కె నాదా'. అది బ్రెజిల్ గాయకుడు జోర్జి బెన్ కట్టిన పాట. 1963లో ఆయనే పాడింది వినండి, గొంతులో కాస్త గరుకు ఉంటుంది. మెండెస్ ఆ గరుకంతా చిత్రిక పట్టేశాడు.

బంతి_బాబు:
1998లో బ్రెజిల్ టీము ఎయిర్‌పోర్టులో బంతాట ఆడే నైకీ యాడ్ గుర్తుందా? అందులో విన్నా 'మాస్ కె నాదా'. ఆ రోజు నుంచి మెండెస్ అభిమానిని.

నాగావళి_నాయుడు:
అది టాంబా ట్రియో అనే బ్రెజిల్ బృందం వాయించింది. మెండెస్‌ది కాదు. చూశారా వాసుగారూ, ఎవరు వాయించినా పేరు ఆయనకే పోతుంది.

బంతి_బాబు:
నిజమా? ఇన్నేళ్లూ ఆయనదే అనుకున్నానండీ.

కీస్_శీను:
నాయుడుగారూ, మీరు ఒకటే పట్టుకుని లాగుతున్నారు. రికార్డు మీద జోర్జి బెన్ పేరు అచ్చేశారు, దాచిపెట్టలేదు. ఇక గరుకు సంగతి. పాట కట్టడం ఒక పని, దాన్ని పదిమంది వాయిద్యగాళ్లకి పంచి, ఎవరు ఎక్కడ ఆగాలో చెప్పడం ఇంకో పని. 'ద ఫూల్ ఆన్ ద హిల్' బీటిల్స్‌ది వినండి, తర్వాత 1968లో మెండెస్ చేసింది వినండి. ఆ రెండోది చార్టులో 6వ స్థానానికి ఊరికే వెళ్లిందా? పాట అదే, నడక వేరు. ఆ నడక ఆయనది.

వేమవరం_వాసు:
నేను అడిగింది నచ్చిన పాట, నచ్చని పాట అండీ...

నాగావళి_నాయుడు:
నడక వేరైతే మాటల అర్థం గాలికి పోవాలా? 'మాస్ కె నాదా'లో 'ప్రెతో వెల్యో' అని వస్తుంది. బ్రెజిల్‌లోని ఉంబండా మతంలో ఆ పేరుతో కొలిచేది బానిసలుగా బతికి పోయిన ముసలి ఆఫ్రికన్ల ఆత్మలని. మెండెస్ బ్యాండులో అది పాడిన లానీ హాల్‌ది షికాగో, పోర్చుగీసు ఆవిడ భాష కాదు. ఆ మాట ఆవిడ నోట చక్కెరలా కరిగిపోయింది.

కీస్_శీను:
లానీ హాల్‌ని అనకండి. 'లైక్ ఎ లవర్'లో ఆవిడ గొంతు విన్నాక కూడా ఆ మాట ఎలా వస్తుంది? అసలు మీ కోపం మెండెస్ మీద కాదు. ఎవరి మీదో ఉన్నది ఆయన మీద తీర్చుకుంటున్నారు.

నాగావళి_నాయుడు:
అవును, ఉంది. మా తాత జముకు వాయిస్తూ పాట కట్టాడు. ఆడవాళ్లు నాట్లేస్తూ పాడుకునేవారు. ఎవరో వచ్చి టేపులో పట్టుకెళ్లారు. కొన్నాళ్లకి సినిమాలో వచ్చింది, వయొలిన్లూ కోరస్సూ పెట్టి. కింద 'జానపదం' అని వేశారు. తాత అప్పటికి బతికే ఉన్నాడు. రేడియోలో విని 'బాగా పాడింది' అన్నాడు, అంతే. ఇప్పుడు మా ఊరి పిల్లలు దాన్ని సినిమా పాట అంటారు. నాకైతే ఏటి తేడా?

లలిత_హ్యూస్టన్:
నాయుడుగారూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

కీస్_శీను:
అది అన్యాయం. అందులో నేను వాదించను. కానీ నా సంగతీ వినండి. ఒక స్టూడియోలో ఆరు పాటలకి ఇంటర్లూడ్ బిట్లు నేనే కట్టాను. జనం ఈలపాటగా పాడుకునేవి ఆ బిట్లే. నా పేరు ఎక్కడా లేదు. అడిగితే 'నువ్వు వాయించావు, డబ్బిచ్చాం కదా' అన్నారు. కట్టినోడికైనా ఒక పేరుంటుంది, దిద్దినోడు ఎవడికీ గుర్తుండడు. మెండెస్ ఆ పనే చేసి పేరుని అట్ట మీదకి ఎక్కించాడు. ఆయన్ని 'ఏం చేశాడు' అంటే నన్ను అన్నట్టే ఉంటుంది.

నాగావళి_నాయుడు:
1966 రికార్డు అట్ట చూడండి. పైన 'హెర్బ్ ఆల్పర్ట్ సమర్పించు' అని రికార్డు కంపెనీ యజమానుల్లో ఒకడి పేరు ఉంటుంది, దాని తర్వాతే మెండెస్.

కీస్_శీను:
తెలుసు. ఆ అట్ట మా హాల్లో ఫ్రేము కట్టి ఉంది.

నాగావళి_నాయుడు:
బిట్లు కట్టినోడి పేరు వెయ్యాల్సిందే, అది ఒప్పుకుంటా. గాని పాట కట్టినోడి పేరు మీద కూర్చుని కాదు. 'మాస్ కె నాదా' నాకు నచ్చదు, నచ్చదంతే. తాత గొంతు మా పెదనాన్న క్యాసెట్లో మిగిలింది, మొన్నే ఫోన్లోకి ఎక్కించాను. కావాలంటే పంపుతా. కీబోర్డు పట్టుకోకుండా వినండి.

కీస్_శీను:
పంపండి.

బంతి_బాబు:
నాకూ పంపండి. వాసుగారూ, మీరడిగినదానికి ఇప్పుడు చెబుతా. 'కాన్‌స్టంట్ రెయిన్' బాగా నచ్చింది. ఎవరు కట్టారో చూశాకే రాస్తున్నా: జోర్జి బెన్.