అమ్మకు గుడ్డు, నెయ్యి అన్నీ బంద్ పెట్టినా కొలెస్ట్రాల్ దిగలే, ఇప్పుడు థైరాయిడ్ టెస్టుల టీఎస్‌హెచ్ 41 వచ్చింది, రెండిటికి లింకు ఉందా?

నల్గొండ బిడ్డ

అందరికి నమస్తే. మాది నల్గొండ దగ్గర ఊరు. అమ్మకు 54 ఏండ్లు. రెండేండ్ల కింద ఊరికెనే టెస్టులు చేపిస్తె టోటల్ కొలెస్ట్రాల్ 240 దాటి ఉండె, అప్పటిసంది ఆమె తిండి మీద నేనే కాపలా ఉన్న. కూరల నూనె చెంచతోటి కొలిచి పోసుడు, గుడ్డు బంద్, నెయ్యి బంద్, ఆదివారం ఇంట్ల అందరం కోడికూర తింటుంటె ఆమె జొన్నరొట్టె పచ్చిపులుసుల అద్దుకొని తిని లేస్తది. అయినా రెండు నెలల కింద చూపిస్తె 286, అండ్ల ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 204. కొలెస్ట్రాల్ తగ్గనీకి అటోర్వాస్టాటిన్ 20 అని స్టాటిన్ గోలీ రాసిన్రు. నెల తిరగకముందే తొడలు, పిక్కలు గుంజుడు మొదలైంది, కింద కూసుంటె గోడ పట్టుకోకుంట లేవలేకపోతుంది.

పోయిన వారం వేరే డాక్టర్ దగ్గరికి తీస్కపోయిన. ఆయన ముందు రిపోర్టు చూడలే, అమ్మ ముంజేయి మీద వేలుతోటి రాసి చూసిండు, చర్మం ఎండిపోయి తెల్లగ గీతలు పడ్డయి. తర్వాత "ఎండాకాలంల గూడ చలి పెడుతదా అమ్మా" అని అడిగిండు. నాకు అప్పుడు గుర్తొచ్చింది, మొన్న మే నెలల మేమందరం కూలర్ ముంగట పడుకుంటె ఆమె లోపలి రూంల చెద్దరు కప్పుకొని పడుకున్నది, వయసు మీదపడుతుందేమో అనుకున్నం. గొంతు గూడ ఏడాదిసంది బొంగురు పోయింది. టీఎస్‌హెచ్ చేపిస్తె 41 (ఇది ఎక్కువుంటె థైరాయిడ్ తక్కువ పనిచేస్తున్నట్టట), టీ4 అనే థైరాయిడ్ హార్మోన్ తక్కువ. థైరాక్సిన్ గోలీ 25 మైక్రోగ్రాములది ఇచ్చిండు.

నా డౌట్లు ఏందంటె, థైరాయిడ్ గోలీతోటి కొలెస్ట్రాల్ గూడ తగ్గుతదా, ఆ స్టాటిన్ వేయాల్నా ఆపాల్నా (కొత్త డాక్టర్‌కు అది వేస్తున్నట్టు చెప్పుడే మర్చిపోయిన), మా పక్కింటామె 100 వేస్తది, అమ్మకు 25 ఏం సరిపోతది? నాకు ఇంకోటి మనసుల గుచ్చుతుంది, రిపోర్టు వచ్చినప్పుడల్ల "నేను లేనప్పుడు ఏమన్న తింటున్నవా" అని అమ్మను అడిగిన, ఒకసారి కాదు మస్తుసార్లు.

పాలమూరు ల్యాబ్ తమ్ముడు

అక్కా, లింకు ఉంది, చిన్న లింకు గాదు. నేను ల్యాబ్‌ల పనిచేస్త, డాక్టర్‌ను గాదు, గానీ ఇది రోజూ చూసే సంగతే కాబట్టి చెప్తున్న.

రక్తంల తిరిగే ఎల్‌డీఎల్‌ను పట్టి లోపలికి గుంజేది లివర్. దానికోసం లివర్ కణాల మీద రిసెప్టర్లు ఉంటయి, అవి సరిపడ తయారు కావాలంటె థైరాయిడ్ హార్మోన్ కావాలె. హార్మోన్ తక్కువైతె రిసెప్టర్లు తగ్గిపోతయి, కొలెస్ట్రాల్ రక్తంలనే తిరుగుకుంట ఉంటది. దాన్ని పిత్తంగ మార్చి బయటికి పంపే పని గూడ నెమ్మదిస్తది. అసలు సంగతి ఏందంటె థైరాయిడ్ తగ్గినప్పుడు లివర్ కొలెస్ట్రాల్ తయారుచేసుడు గూడ తగ్గిస్తది, కాని పోయే తొవ్వ అంతకన్న ఎక్కువ మూసుకపోతది. చెరువుకు వాగు సన్నగనే పారుతున్నా తూము మూసుకపోతె నీళ్ళు కట్ట దాకా వస్తయి గదా, గట్లనే. మీరు రెండేండ్లు వాగుకు అడ్డం కట్టిన్రు, మూసుకపోయింది తూము. అమ్మ తప్పు లేదు, మీ తప్పు గూడ లేదు. అసలు ఎల్‌డీఎల్ ఎక్కువ రాంగనే స్టాటిన్ మొదలుపెట్టే ముందు టీఎస్‌హెచ్ చూడాలె అనేది డాక్టర్లు పాటించే పద్ధతే, మీకాడ అది తప్పిపోయింది.

ఇగ కాళ్ళ నొప్పుల సంగతి జర సీరియస్‌గ తీసుకోన్రి. థైరాయిడ్ తక్కువుంటెనే కండరాలు గుంజుతయి, దానికి వైద్యం లేకుంట పైనుంచి స్టాటిన్ పడితె కండరం దెబ్బతినే రిస్కు పెరుగుతది. రేపే పోయి డాక్టర్‌కు స్టాటిన్ సంగతి చెప్పున్రి, సీపీకే అని కండరం దెబ్బతిన్నదా చూసే రక్తపరీక్ష ఉంటది, అది చూసి ఆపుడా ఉంచుడా ఆయన చెప్తడు. మూత్రం డికాషన్ రంగుల వస్తె మాత్రం రేపటి దాక ఆగొద్దు, ఆ పూటనే దవాఖానకు పోవాలె.

25 తక్కువేం గాదు, మొదలు గంతే. వయసు మీదపడ్డోళ్ళకు, గుండె మీద అనుమానం ఉన్నోళ్ళకు ఒక్కసారే ఎక్కువ ఇస్తె గుండె దడ వస్తది, అందుకే 6 నుంచి 8 వారాలకోసారి టీఎస్‌హెచ్ చూసుకుంట పెంచుతరు. పక్కింటామె బరువు వేరె, ఆమె జబ్బు వేరె.

దేవరకొండ అమ్మ

బిడ్డా, నీ రాత చదివితె నా సంగతే చదివినట్టుంది. నాకు టీఎస్‌హెచ్ 29, ఎల్‌డీఎల్ 187 ఉండె. గోలీ మొదలుపెట్టి మూడు నెలలైనా ఏం కదలలే, నాకైతె పానం విసిగింది. తర్వాత తెలిసింది, నేను పొద్దుగాల గోలీ నోట్లేసుకొని ఛాయ్‌తోటి మింగుతున్న, వెనకనే కాల్షియం గోలీ గూడ వేస్తున్న. అట్ల వేస్తె థైరాయిడ్ గోలీ సరిగ ఒంటికి పట్టదట. లేవంగనే మంచినీళ్ళతోటి వేసి అరగంట, వీలైతె గంట ఏం ముట్టొద్దు, కాల్షియం, ఐరన్ గోలీలు నాలుగు గంటల తర్వాతనే. డోసు గూడ పెంచిన్రు, టీఎస్‌హెచ్ 3కు వచ్చినంక రెండు నెలలకు ఎల్‌డీఎల్ చూస్తె 121. స్టాటిన్ లేకుంటనే. నా ఒక్కదాని లెక్క ఇది, అందరికి గింతే దిగుతదని గాదు. గోలీ డబ్బా పొయ్యి దగ్గర, కిటికీల పెట్టకు, వేడికి, తేమకు మందు పాడైతది.

మిర్యాలగూడ అన్న

ఆశ తీయాలని గాదు గానీ ఒక మాట. నాకు టీఎస్‌హెచ్ 6.8 మాత్రమే ఉండె, గోలీ వేస్తె 2కు వచ్చింది, ఎల్‌డీఎల్ మాత్రం 170 నుంచి 162, అంతే. మా నాయినకు, పెద్దనాయినకు గూడ కొలెస్ట్రాల్ ఉన్నది, అది వంశంల ఉన్న కథ, నాకు స్టాటిన్ తప్పలే, ఇప్పుడు మంచిగనే పడుతుంది. టీఎస్‌హెచ్ ఎంత ఎక్కువుంటె గోలీతోటి అంత ఎక్కువ ఫరక్ కనపడుతది, 41 అంటె మీ అమ్మకు మంచిగనే దిగాలె. దిగినంక ఇంకా మిగిలితె అప్పుడు స్టాటిన్ మాట.

ఇంకోటి అడుగుత, మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్ళతోటే థైరాయిడ్ వస్తుందని అంటున్రు, ఇది నిజమేనా? నీళ్ళు మారిస్తె గోలీ అక్కరలేదని ఒకాయన చెప్పిండు.

పాలమూరు ల్యాబ్ తమ్ముడు

అన్నా, ఆ మాట నమ్మి గోలీ మాత్రం ఆపొద్దు. ఫ్లోరైడ్ పండ్లను, బొక్కలను ఏం చేస్తదో మర్రిగూడ దిక్కు చూసినోళ్ళకు చెప్పే పని లేదు, మంచినీళ్ళు తాగుడు ఎట్లైనా అవసరమే. కాని పెద్దోళ్ళల్ల ఎక్కువ శాతం థైరాయిడ్ తగ్గుడు మన ఒంట్ల రక్షణ వ్యవస్థే ఆ గ్రంథి మీద పడుట్ల వస్తది, నీళ్ళు మారిస్తె ఆ గ్రంథి తిరిగి రాదు. అట్లనే ఇంకో దిక్కు గూడ పోవద్దు, థైరాయిడ్ మంచిగున్నోళ్ళు కొలెస్ట్రాల్ కోసం ఈ గోలీ వేసుకోవద్దు. వెనకట అమెరికాల డెక్స్‌ట్రోథైరాక్సిన్ అని ఇసొంటి మందునే ఆ ఆలోచనతోటి గుండెజబ్బు ఉన్నోళ్ళకు ఇచ్చి చూసిన్రు, చావులు ఎక్కువ కనపడుతున్నయని 1970ల మొదట్ల ఆపేసిన్రు.

అక్కా, పైసల ఇబ్బంది ఉంటె సర్కారు దవాఖానల అడుగు, తెలంగాణ డయాగ్నస్టిక్స్ కింద థైరాయిడ్, లిపిడ్ (కొలెస్ట్రాల్) టెస్టులు ఫ్రీగ చేస్తరు. లిపిడ్ మాత్రం టీఎస్‌హెచ్ నార్మల్‌కు వచ్చినంకనే చేపియ్యి, నెలకోసారి చేపిచ్చి పరేషాన్ కావొద్దు.

నల్గొండ బిడ్డ

అందరికి దండాలు. ఇయ్యాల పోయొచ్చినం. సీపీకే ఎక్కువనే ఉన్నది, అది థైరాయిడ్‌తోటి గూడ పెరుగుతదట, అయినా స్టాటిన్ ఇప్పటికి ఆపమన్నడు, ఆరు వారాలకు టీఎస్‌హెచ్, సీపీకే రెండూ చూస్తనన్నడు. తిండి అడిగితె రోజుకో గుడ్డు తినొచ్చు, నూనె ఇప్పటి తీరుగనే తక్కువ ఉండనీయి అన్నడు.

దేవరకొండ అమ్మా, మా అమ్మ గూడ గోలీ ఛాయ్‌తోటే వేస్తుందట, అడిగితె చెప్పింది. బర్రె పాలు పిండనీకి పొద్దుగాల అయిదింటికి లేస్తది గదా, లేవంగనే నీళ్ళతోటి వేసుకోమన్న, పాలు పిండి వచ్చి ఛాయ్ పెట్టేసరికి గంట అయితది. నీ తిండితోటి కాలేదమ్మా, గొంతుకాడి గ్రంథితోటి అయింది అని చెప్తె కొంచెంసేపు ఏం మాట్లాడలే. తర్వాత "నేను అప్పుడే చెప్పిన గదనే, ఏం తింటలేనని" అన్నది.