'శ్వేతజాతీయవాది': ఈ మాటను ఎక్కడ విరవాలి?

గ్రూపులో పెద్దలకు ఒక సందేహం. అమెరికా నాయకుడు డేవిడ్ డ్యూక్ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ మొదటి వాక్యంలోనే ఆగిపోయాను. 'వైట్ నేషనలిస్ట్'కి 'శ్వేతజాతీయవాది' అని రాశాను. శ్వేత, జాతీయవాది అని విరిస్తే మనకు జాతీయోద్యమం గుర్తొచ్చి మనిషి పెద్దమనిషైపోతున్నాడు. శ్వేతజాతీయ, వాది అని విరిస్తే కోర్టులో దావా వేసిన తెల్లాయన! మా ఆవిడకు చదివి వినిపిస్తే "ఏం కేసటండీ?" అంది.

ఈయన కథంతా మాటలు మార్చడమే. 1970లో, కాలేజీ రోజుల్లో, నాజీ యూనిఫాం వేసుకుని టులేన్ యూనివర్సిటీ దగ్గర ప్లకార్డు పట్టుకున్నాడు. ఆ తర్వాత, తెల్లవాళ్లే గొప్పంటూ ముసుగులేసుకుని నల్లవాళ్ల మీద దాడులు చేసిన కు క్లక్స్ క్లాన్‌లో ఒక వర్గానికి నాయకుడయ్యాడు. అక్కడ అందరికన్నా పై పదవి 'గ్రాండ్ విజార్డ్', అంటే మహా మాంత్రికుడు. దాన్ని 'నేషనల్ డైరెక్టర్' చేశాడు. ముసుగు పోయి సూటు వచ్చింది. 1980లో క్లాన్ వదిలి ఇంకో సంస్థ పెట్టాడు. నల్లవాళ్ల హక్కుల కోసం 1909లో పుట్టిన ఎన్‌ఏఏసీపీ (నేషనల్ అసోసియేషన్ ఫర్ ది అడ్వాన్స్‌మెంట్ ఆఫ్ కలర్డ్ పీపుల్) పేరే తీసుకుని, 'కలర్డ్' ఉన్నచోట 'వైట్' పెట్టాడు, అంతే. 1989లో లూసియానాలోని మెటైరీ నుంచి 227 ఓట్ల తేడాతో రాష్ట్ర చట్టసభకు గెలిచాడు కూడా.

రిప్లై: ఆ సంస్థ పేరు 'తెల్లవారి అభ్యున్నతి సంఘం' అని మాత్రం రాయకండి సార్, పొద్దున్నే లేచేవాళ్ల సంఘం అనుకుంటారు.

రిప్లై: చిక్కు 'వాది'తో కాదు నాయనా, 'జాతి'తో. 'జాతిపిత'లో అది దేశం. 'జాతి వివక్ష'లో రంగు, పుట్టుక. సంతలో అయితే ఒంగోలు జాతి ఎద్దు. దేశమంటే తెల్లరంగే అని డ్యూక్ జనాన్ని నమ్మించాలి. మన మాట ఆ రెంటినీ ముందే కలిపి చేతికిస్తోంది. విడగొట్టి రాయి: 'శ్వేతజాతి ఆధిపత్యవాది'.

మాస్టారూ, ఆ మాటను డ్యూక్ ఒప్పుకోడు.

రిప్లై: ఒప్పుకోకపోతే మానె. ఆయన చెప్పుకున్న పేరు ఆయన నోట్లో పెట్టు, 'అని చెప్పుకుంటాడు' అని చేర్చు. నీ వాక్యంలో నీ మాట ఉండాలి.

సరే మాస్టారూ, అలాగే మార్చాను. ఇంకొకటి మిగిలింది. 1991 లూసియానా గవర్నర్ ఎన్నికల్లో డ్యూక్ మీద పోటీ చేసిన ఎడ్విన్ ఎడ్వర్డ్స్‌కు అవినీతిపరుడని పేరు. అయినా ఆయనకే వెయ్యమని జనం కార్లకు స్టిక్కర్లు అంటించుకున్నారు. 'దొంగకు ఓటెయ్యండి. ఇది ముఖ్యం' అని రాస్తే చప్పగా ఉంది. ఎడ్వర్డ్స్ గెలిచాడు. తమాషా ఏమిటంటే, 2002లో డ్యూక్ కూడా తన అభిమానుల్ని డబ్బు విషయంలో మోసం చేసిన కేసులో నేరం ఒప్పుకుని మరుసటి ఏడాది జైలుకెళ్లాడు.

రిప్లై: 'ఈసారికి దొంగకే వెయ్యండి, తప్పదు.'