క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు విడిపోయింది డబ్బు వల్లా, విశ్వాసం వల్లా?

పల్నాటి మాస్టారు:
డబ్బు వల్లే అంటాను. మైంజ్ ఆర్చ్‌బిషప్ ఆల్‌బ్రెక్ట్ పదవి కోసం ఫుగ్గర్లనే జర్మన్ వడ్డీ వ్యాపారుల దగ్గర అప్పు చేశాడు. టెట్జెల్ అనే సన్యాసి పాప పరిహార పత్రాలు (డబ్బిస్తే పాపాలకు పడే శిక్ష తగ్గుతుందనే చీటీలు) అమ్మితే వచ్చిన దాంట్లో సగం ఆ అప్పుకు, సగం రోములో సెయింట్ పీటర్స్ గుడి కట్టడానికి. చచ్చిపోయిన అమ్మానాన్నల మీద బెంగతో పేదలు కొన్నారండీ అవి. 1517లో జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ వాటి మీద 95 వాదాలు రాసి గుడి తలుపుకు కొట్టింది అందుకే.

చరిత్ర పిచ్చి:
తలుపుకు కొట్టాడని లూథర్ తానెక్కడా రాయలేదు. ఆల్‌బ్రెక్ట్‌కు ఉత్తరం పంపింది మాత్రం నిజం.

మరియ బిడ్డ:
తప్పు జరిగింది, కాదనను. క్యాథలిక్ సభ తనను దిద్దుకోవడానికి జరిపిన ట్రెంట్ మహాసభ తర్వాత 1567లో ఆ అమ్మకాలు రద్దు చేశారు కదా! ఇంట్లో తప్పు జరిగితే దిద్దుకుంటాం గానీ వేరు కాపురం పెడతామా? మఠాల భూములు కలుపుకోవాలని రాజులు లూథర్ వెనక చేరారు. 1525లో రైతులు తిరగబడితే వాళ్లను నరికి చంపమని రాసిందీ ఆయనే. ఆపైన 1618 నుంచి క్యాథలిక్, ప్రొటెస్టెంటు రాజుల మధ్య మొదలైన 30 ఏళ్ల యుద్ధం.

పల్నాటి మాస్టారు:
వేరు కాపురం ఎవరు పెట్టారమ్మా? 1521లో లూథర్‌ని పోపే వెలివేశాడు. వెళ్లగొట్టి, వెళ్లిపోయాడంటే ఎలా? జర్మన్‌లో కొత్త నిబంధన ఇచ్చాడాయన.

చరిత్ర పిచ్చి:
1466లోనే జర్మన్ బైబిలు అచ్చయింది. తలుపు సంగతికి జవాబు రాలేదు.

పల్నాటి మాస్టారు:
తలుపు వదిలేయండి సార్, దణ్ణం పెడతాను!

గుంటూరు గోపి:
ఫాలోయింగ్.

మరియ బిడ్డ:
మా చెల్లిని ఒక ప్రొటెస్టెంటు ఇంటికి ఇచ్చాం. పసిగుడ్డుగా తీసుకున్న జ్ఞానస్నానం చెల్లదట, మళ్లీ ముంచితేనే పెళ్లి అన్నారు. అమ్మ నెల రోజులు అన్నం సరిగా తినలేదు. మేం క్రైస్తవులం కామా?

పల్నాటి మాస్టారు:
అది లూథరే ఒప్పుకోడు. మేం లూథరన్లం, మళ్లీ ఇవ్వం. మరి నా సంగతి? మా అత్తగారి భూస్థాపన పూజలో సత్ప్రసాదం (పూజలో పెట్టే రొట్టె) వరసలో నిలబడితే ఫాదర్ నన్ను దాటేసి పక్కవాళ్లకు పెట్టారు. పాతికేళ్ల అల్లుణ్ణి. అందరూ చూశారు. 1999లో ఆగ్స్‌బుర్గ్‌లో విశ్వాసం గురించి క్యాథలిక్, లూథరన్ సభలు రెండూ కలిసి సంతకాలు పెట్టాయి. అయినా ఆ బల్ల దగ్గర నేను పరాయివాణ్ణేనా?

మరియ బిడ్డ:
అన్నయ్యా, మీ బాధ అర్థమైంది. కానీ మాకు అది ఉత్త రొట్టె కాదు, ప్రభువే.

పల్నాటి మాస్టారు:
మాకూ ఉత్త రొట్టె కాదమ్మా! అదే కదా నేను చెప్పేది.

చరిత్ర పిచ్చి:
1529లో మార్‌బుర్గ్‌లో లూథర్, స్విస్ ప్రొటెస్టెంటు నాయకుడు జ్వింగ్లీ విడిపోయింది ఈ రొట్టె విషయంలోనే. "ఇది నా శరీరం" అని లూథర్ సుద్దతో బల్ల మీద రాసి, ఆ మాట వదల్లేదు.

మరియ బిడ్డ:
ఇది నాకు తెలియదు. రేపు మా ఫాదర్‌ని అడుగుతాను.