‘ఒకచో నేలను బవ్వళించు’: ఈ పద్యంలో క్రియలు ఎటువైపు ఉన్నాయి?

ఈ వారం మన గుంపులో ఒకరు ఇలా అడిగారు: “మా హాస్టల్ గోడ మీద ‘కార్యసాధకుడు’ పద్యం రాయించారు. సౌకర్యాలు అడగొద్దు, కష్టాలు ఓర్చుకోండి అని చెప్పడానికే ఆ పద్యం ఉందా?” రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి విడిగా రాస్తున్నాను. ముందు పద్యం చూద్దాం.

ఒకచో నేలను బవ్వళించు, నొకచో నొప్పారు బూసెజ్జపై,
నొకచో శాకము లారగించు, నొకచో నుత్కృష్టశాల్యోదనం,
బొకచో బొంత ధరించు, నొక్కొకతరిన్ యోగ్యాంబరశ్రేణి, లె
క్కకు రానీయడు కార్యసాధకుడు దుఃఖంబున్ సుఖంబున్ మదిన్.

భర్తృహరి నీతిశతకంలోని శ్లోకానికి 18వ శతాబ్దపు ఏనుగు లక్ష్మణకవి చేసిన తెలుగు ఇది. మత్తేభ వృత్తం. బడిలో చదివినవాళ్లలో చాలామందికి ఇప్పటికీ నోటికి వస్తుంది. పని సాధించాలనుకున్నవాడు ఒకచోట నేల మీద పడుకుంటాడు, ఒకచోట పూలపాన్పు మీద. ఒకచోట ఆకూ అలమూ తింటాడు, ఒకచోట మేలైన వరి అన్నం. ఒకచోట బొంత కప్పుకుంటాడు, ఒక్కోసారి మంచి బట్టలు కడతాడు. సుఖాన్నీ దుఃఖాన్నీ మనసులో లెక్కకు రానివ్వడు.

పడక, తిండి, బట్ట అని మూడు జతలు. ప్రతి జతలోనూ ఒకటి లేమి, ఒకటి కలిమి. ఇప్పుడు క్రియలు ఎక్కడ ఉన్నాయో చూడండి. నేలకు ‘పవ్వళించు’, శాకాలకు ‘ఆరగించు’, బొంతకు ‘ధరించు’. పూసెజ్జకు గానీ శాల్యోదనానికి గానీ మంచి బట్టలకు గానీ విడిగా క్రియ లేదు. పక్కదాని నుంచి తెచ్చుకోవాలి. అవి ఎలాంటి క్రియలో కూడా గమనించండి. గుళ్లో దేవుడికి చేసేది పవ్వళింపు సేవ. దేవుడికి నైవేద్యం పెట్టేది ఆరగింపు. రాజులకూ దేవుళ్లకూ వాడే మాటల్ని లక్ష్మణకవి కటిక నేలకూ ఆకుకూరలకూ ఇచ్చాడు. ఈ పద్యం మీద నాకున్న ఇష్టమంతా ఇక్కడే ఉంది. ఉన్నదానితో పని సాగించేవాడిని చూసి కవి జాలిపడటం లేదు, గౌరవిస్తున్నాడు.

‘బొంత’ అన్న మాట కూడా చిన్నది కాదు. మూలంలో ఉన్నది ‘కంథ’. లక్ష్మణకవి ఆ సంస్కృత పదాన్ని అలాగే ఉంచకుండా మన ఇళ్లలో వాడే మాట పెట్టాడు. కట్టి కట్టి నలిగిన నూలు చీరలూ పంచెలూ పొరలుగా పరిచి కుట్టుకునేది బొంత. కొత్త గుడ్డ కొనలేనప్పుడు పాతవాటితోనే చలికి అడ్డం తయారుచేసుకోవడం. అంటే పద్యం లేమి గురించే కాదు, లేమిలో చేతిపని గురించి కూడా మాట్లాడుతోంది. ఇక వరి అన్నం ఎంత అపురూపమో తెలియాలంటే శ్రీనాథుడి పేరు మీద చెప్పుకునే పల్నాటి చాటువు గుర్తుచేసుకుంటే చాలు: “జొన్నలె తప్పన్ సన్నన్నము సున్నసుమీ”. జొన్నకలీ జొన్నంబలీ తినే సీమల్లో సన్నన్నం పండగ మాట.

మూలంలో చివరి పాదం ‘మనస్వీ కార్యార్థీ న గణయతి దుఃఖం న చ సుఖమ్’. ‘న గణయతి’ అంటే లెక్కపెట్టడు, అంతే. ‘లెక్కకు రానీయడు’ అన్నప్పుడు బలం పెరిగింది. సుఖదుఃఖాలు రావాలనే చూస్తాయి, వాటిని గుమ్మం దాటనివ్వకపోవడం అతని పని. వాటికి అతీతుడైన యోగి గురించి కాదు ఈ పద్యం. చలి వేస్తుంది, ఆకలి తెలుస్తుంది, అయినా పని నడుస్తుంది.

వ్యాఖ్య: “బాగుంది కానీ, పవ్వళించు, ఆరగించు అన్నవి గణాల కోసం పడిన మాటలు కావచ్చు కదండీ? కవి అంత ఆలోచించాడంటారా?”

జవాబు: మంచి ప్రశ్న. వేసి చూద్దాం. మత్తేభానికి స, భ, ర, న, మ, య, వ గణాలు. ‘నేలను బవ్వళించు’ ఉన్నచోట ‘నేలను నిద్రపోవు’ పెట్టండి. గురులఘువులు అక్షరం తేడా లేకుండా సరిపోతాయి. ‘శాకము లారగించు’ బదులు ‘శాకములే భుజించు’ అన్నా గణం చెడదు. యతి పద్నాలుగో అక్షరం దగ్గర ఉంది కాబట్టి దానికీ ఇబ్బంది లేదు, ప్రాసకూ లేదు. మామూలు మాటలు చేతికి అందే దూరంలో ఉన్నా కవి ఆ గౌరవపు మాటల్నే తీసుకున్నాడు. ఆయన మనసులో ఏముందో మనం చెప్పలేం, కానీ ఛందస్సు బలవంతం మాత్రం కాదు.

వ్యాఖ్య: “పద్యంలో బాగానే ఉంటుంది. నిజంగా అలా బతికినవాళ్లు, అదీ భాష కోసం, ఉన్నారా?”

జవాబు: గిడుగు రామమూర్తి గారు ఉన్నారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం, వాడుక భాష ఉద్యమం గురించి మాట్లాడతాం. కొండల్లో ఉండే సవర గిరిజనుల భాష కోసం ఆయన చేసిన పని ఆ సభల్లో ఎక్కువగా వినపడదు, అది నాకు బాధ. 1863లో పుట్టి, చిన్నప్పుడే తండ్రిని పోగొట్టుకుని, పర్లాకిమిడిలో బడిపంతులుగా చేరారు. చుట్టూ కొండల్లో సవరలు. వాళ్లకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని ఆయన పట్టుదల. కానీ ఆ భాష నేర్చుకోవడానికి చేతికందే నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు, నేర్పే సంస్థ లేదు. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో ఉంచుకుని, వింటూ, అడుగుతూ, రాసుకుంటూ నేర్చుకున్నారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు నడిపారు.

ఆ కొండల్లో తిరిగి మన్యపు జ్వరం తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల వినికిడి దెబ్బతింది. రాతలో లేని భాషను నేర్చుకునేవాడికి చెవే ముఖ్యమైన పనిముట్టు. అది చెడ్డాక కూడా ఆ పని వదల్లేదు. సవర భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. నిఘంటువు వచ్చేసరికి ఆయనకు 70 దాటాయి. 1940లో కన్నుమూశారు. ‘లెక్కకు రానీయడు’ అన్న మాటకు ఇంతకంటే సరిపోయే జీవితం నాకు తెలియదు.

వ్యాఖ్య: “‘క్రియాసిద్ధిః సత్త్వే భవతి మహతాం నోపకరణే’ కూడా ఇదే భావం కదా?”

జవాబు: దగ్గరిదే. గొప్పవాళ్ల పని నెరవేరేది వాళ్ల సత్తువ వల్ల, సాధనాల వల్ల కాదు అని దాని అర్థం. భోజరాజు కథల పుస్తకమైన భోజప్రబంధంలో సమస్యాపూరణలుగా, అంటే ఇచ్చిన పాదం చివర వచ్చేలా పూర్తిచేసిన శ్లోకాలుగా, వచ్చేవాటి చివరి పాదం అది. సూర్యుడి రథానికి ఒకటే చక్రం, ఏడు గుర్రాలకు పాములే పగ్గాలు, దారికి ఆధారం లేదు, సారథికి కాళ్లు లేవు, అయినా రోజూ ఆకాశం దాటుతున్నాడు అని ఒక పూరణ. రాముడికి కోతులే సాయం అని మరొకటి. గొప్ప ఊహలే. కానీ ‘మహతాం’ (గొప్పవాళ్లకు) అనడంతో అది సూర్యుడికీ రాముడికీ చెందిన మాట అయిపోయింది. మన పద్యంలో పేరు లేని మనిషి ఉన్నాడు, అతను ఎవరైనా కావచ్చు. అందుకే నాకు ఇదే ఎక్కువ దగ్గర. సాధనాల మీద నెపం వేసేవాళ్ల గురించైతే ‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న మన సామెత మూడు మాటల్లో తేల్చేసింది.

ఇక హాస్టల్ గోడ సంగతి. దీని మీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఈ పద్యంలో లెక్కకు రానివ్వనిది ఎవరు? కార్యసాధకుడే. తన పడక, తన తిండి, తన మనసు. ఇతరుల పడకా తిండీ చూడాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు ఆ పద్యాన్ని జవాబుగా వాడటం కవి మాటను తిప్పేయడమే. నీళ్లు రాని కుళాయి గురించి పిల్లలు అడిగితే కుళాయి బాగుచేయించాలి, పద్యం చూపించకూడదు. పైగా పద్యం పూసెజ్జను కాదనలేదు. దొరికితే దాని మీదా పడుకుంటాడు. అప్పుడు కూడా పని మర్చిపోడు, అంతే. సుఖం కూడా పనికి అడ్డు పడగలదని భర్తృహరికి తెలుసు. గోడ మీద రాయించేవాళ్లు ఆ సగాన్ని చదవరు.

అదే హాస్టల్లో ఉండి, పాత పుస్తకాలు అడిగి తెచ్చుకుని, వరండా లైటు కింద చదువుకునే పిల్ల తనకు తానుగా ఈ పద్యం చదువుకుంటే మాత్రం ఆ మాటల బలం పూర్తిగా ఆమెదే. అప్పుడు ‘పవ్వళించు’, ‘ఆరగించు’ ఆమెకు దక్కాల్సిన మాటలు.

ఒక పని మిగిలింది. భర్తృహరిని తెలుగు చేసినవాళ్లు ఇంకా ఉన్నారు. ‘సురభిమల్లా! నీతివాచస్పతీ!’ మకుటంతో ఎలకూచి బాలసరస్వతి, ఆయన కాక పుష్పగిరి తిమ్మన. ఈ శ్లోకానికి వాళ్లు రాసిన పద్యాలు ఎవరి దగ్గరైనా ఉంటే పూర్తి పాఠం ఇక్కడ పెట్టండి. నేలకూ పూసెజ్జకూ వాళ్లు ఏ క్రియలు వాడారో, అవి ఏ వైపు పడ్డాయో పక్కపక్కన పెట్టి చూద్దాం.