గర్భిణులు దోమల క్రీము రాసుకోవచ్చా?

ప్రశ్న:
నాకు అయిదో నెల నడుస్తోంది. కాకినాడలో మా ఇంటి వెనుకే మురుగు కాలువ ఉండడంతో, వానలు మొదలైనప్పటి నుంచి పగలూ రాత్రీ దోమలు కుడుతూనే ఉన్నాయి. క్రీము రాసుకుంటే ఆ మందు ఒంట్లోకి ఇంకి బిడ్డకు చేరుతుందని మా అత్తయ్యగారు వద్దంటున్నారు. దానికి బదులు సాయంత్రం తలుపులు వేసి గదిలో కాయిల్ వెలిగిస్తున్నారు, ఆ పొగకు నాకు దగ్గు వస్తోంది. ఈ రెండింటిలో ఏది మేలో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
మీ అత్తయ్యగారి భయం ఉత్తదేమీ కాదండీ. థాయిలాండ్–మయన్మార్ సరిహద్దులో గర్భిణులపై జరిపి 2001లో ప్రచురించిన పరిశోధనలో, దోమలను దూరంగా ఉంచే డీట్ అనే రసాయనం 20 శాతం ఉన్న మందును రోజూ రాసుకున్నవారిలో కొద్దిమందికి బొడ్డుతాడు రక్తంలోనూ ఆ మందు కనిపించింది. అయితే పుట్టిన పిల్లలను ఏడాది వయసు వరకు గమనించినా, ఎదుగుదలలో దానివల్ల కలిగిన హాని ఏదీ తేలలేదు. ఆ స్త్రీలంతా మూడు నెలలు దాటినవారే కాబట్టి అది మీకు వర్తిస్తుంది గాని, తొలి నెలల్లో ఉన్నవారికి అంతే ధీమాగా చెప్పలేను. డీట్, పికారిడిన్ వంటివాటిని సూచనల ప్రకారం వాడితే గర్భిణులకూ సురక్షితమేనని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ చెబుతోంది.

రెండవ జవాబు:
పై జవాబుకు ఒక సవరణ అవసరం. మన దుకాణాల్లో దొరికే ఓడోమాస్ క్రీములో ఉండేది డీట్ కాదు, 12 శాతం డైఇథైల్ బెంజమైడ్. పేర్లు దగ్గరగా ఉన్నా మందులు వేరు కనుక, డీట్ మీద జరిగిన పరిశోధనను దీనికి అంటగట్టలేము. ట్యూబు వెనుక సన్న అక్షరాల్లో మందు పేరు ఉంటుంది. ఈసారి పరీక్షకు వెళ్ళినప్పుడు ఆ ట్యూబునే డాక్టరుగారికి చూపించండి. ఏది వాడినా బట్టలు కప్పని చోట మాత్రమే పలుచగా రాసుకుని, గాయాలకు తగలనివ్వకుండా, అవసరం తీరాక సబ్బుతో కడిగేసుకోవాలి.

మూడవ జవాబు:
మూసిన గదిలో కాయిల్ మాత్రం ఈరోజే మానేయండి. ఆ పొగలోని సన్నని నుసి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, రాత్రికి దోమతెర చాలు. ఇక పగలు కుట్టే దోమ కాళ్ళమీద తెల్లని చారలు ఉన్నాయేమో చూడండి. ఉంటే అది డెంగీని మోసే జాతి కావచ్చు. అది సాధారణంగా మురుగు కాలువలో కాదు, ఇంట్లోని మంచినీటిలోనే గుడ్లు పెడుతుంది కాబట్టి, పూలకుండీల కింది పళ్ళాలు, కూలరు తొట్టి, ముఖ్యంగా ఎవరూ చూడని ఫ్రిజ్ వెనుక ట్రే వారానికొకసారి ఖాళీ చేసి, తోమి ఆరబెట్టించండి.