ఓపస్ అంటే ఏంటి, ఎలా చదవాలి?

మాది హనుమకొండ. మా పాప కీబోర్డ్ నేర్చుకుంటోంది. పాశ్చాత్య సంగీతకారుడు బీథోవెన్ రాసిన మూన్‌లైట్ సొనాటా స్వరాల కాగితం మీద, పేరు కింద సన్నటి అక్షరాల్లో 'ఓపీ. 27, నం. 2' అని ఉంది. మొన్న అపార్ట్‌మెంట్ ఫంక్షన్‌లో మైకు పట్టుకుని 'ఓపీ ఇరవై ఏడు' అని చదివేశాను. ఎంజీఎం ఆసుపత్రి ఓపీ చీటీ గుర్తొచ్చిందేమో, వెనక వరస మొత్తం నవ్వింది!

డిక్షనరీలో చూస్తే అది ఓపస్ అట, లాటిన్ మాట, అర్థం 'పని, రచన'. బహువచనం ఓపెరా. ఓపెరా అంటే పాటల నాటకం కదండీ? మరి ఇంగ్లీషులో ఓపసెస్ అనొచ్చా? ఒకే 27 కింద మళ్లీ నంబర్ 2 ఎందుకు? మొజార్ట్ రచనలకి ఓపస్ బదులు 'కె' అని ఎందుకుంటుంది? మన కీర్తనకైతే రాగం, తాళం చెబితే సరిపోయేది. వచ్చే ఆదివారం మళ్లీ మైకు నాకే ఇస్తారు, తెలిసినవాళ్లు కాస్త చెప్పరూ.